యార్డులో గెలిచిన డీజిల్

శ్రోతలకు నమస్కారం. బ్రిటన్‌లో డీజిల్ అనగానే ఎక్స్‌ప్రెస్ ఇంజన్లే గుర్తొస్తాయి. నిజానికి ఆవిరిని మొట్టమొదట పక్కకు నెట్టింది యార్డులో గూడ్సు పెట్టెల్ని అటూ ఇటూ తోసే షంటింగ్ ఇంజన్లు.

షంటింగ్‌లో పని కొంత, ఎదురుచూపు కొంత. నాలుగు పెట్టెలు తోసి, సిగ్నల్ కోసం ఆగాలి. ఆగినంతసేపూ ఆవిరి ఇంజను బొగ్గు తింటూనే ఉంటుంది. పొద్దున పని ఉంటే తెల్లవారకముందే నిప్పు రాజెయ్యాలి. బూడిద తియ్యాలి, నీళ్లు పట్టాలి, డ్రైవరు పక్కన ఫైర్‌మన్ ఉండాలి. డీజిల్‌కు ఈ తతంగం లేదు. ఈ షంటింగ్ బండ్లలో డీజిల్ ఇంజను జనరేటర్ను తిప్పుతుంది, ఆ కరెంటుతో మోటార్లు చక్రాల్ని తిప్పుతాయి. మొదలుపెట్టేటప్పుడు మాత్రం బ్యాటరీ కరెంటుతో జనరేటరే మోటారులా తిరిగి ఇంజన్ను లేపుతుంది.

లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే 1930ల మొదట్లో పాత ఆవిరి ఇంజను చట్రం మీద డీజిల్‌ను ఎక్కించి చూసింది. దాని నంబరు 1831. ముసలి బండికి కోడెను కట్టినట్టే అయింది, ప్రయోగం ఫలించలేదు. అయినా పట్టు వదల్లేదు. 1935-36లో రెండు కంపెనీల దగ్గర చెరో పది ఇంజన్లు తీసుకుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ వాటిలో ఒకే పెద్ద మోటారు, హాథార్న్ లెస్లీ వాటిలో రెండు మోటార్లు.

1945లో మొదలై 1952 దాకా తయారైన 120 ఇంజన్లు ఆ రెండు మోటార్ల దారే పట్టాయి. ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వ సంస్థ బ్రిటిష్ రైల్వే వీటికి 'క్లాస్ 11' అని పేరు పెట్టింది. ముందు పొడుగాటి బానెట్, వెనక క్యాబ్, పక్కన పైకీ కిందికీ ఆడే రాడ్లు. చూస్తే పొగగొట్టం పోయిన ఆవిరి ఇంజనే అనిపిస్తుంది. ఆ రాడ్లు అలంకారం కాదు. మోటార్లు ముందు, వెనక ఇరుసులకే ఉంటాయి, మధ్య ఇరుసుకు బలం రాడ్ల ద్వారానే అందుతుంది. ఒక ఇరుసు జారబోయినా మిగతావి పట్టి ఉంచుతాయి.

దీని శక్తి 350 హార్స్‌పవరే. ఇవాళ కొన్ని కార్లకు అంతకన్నా ఎక్కువుంది! కానీ వేగాన్ని గంటకు 32 కిలోమీటర్లకే కట్టేసి, గేర్లతో ఆ బలాన్నంతా లాగుడుకే మళ్లించారు. కదిలేటప్పుడు దాదాపు 16 టన్నుల బలంతో లాగుతుంది.

దీన్నే మెరుగుపరిచి 1952 నుంచి 'క్లాస్ 08' కట్టారు. పదేళ్లలో మొత్తం 996. బ్రిటన్‌లో మరే ఇంజను తరగతినీ ఇన్ని కట్టలేదు. వాటిలో కొన్ని ఇప్పటికీ డిపోల్లో పెట్టెలు తోస్తున్నాయి.