గ్రూపుకి ముప్పై మంది చాలరు

వేదిక మీది పెద్దలకు, రీసెర్చ్ స్కాలర్లకు నమస్కారం. సాంఘిక మనోవిజ్ఞానంలో కొత్త పోకడల మీద మాట్లాడమన్నారు. మాట్లాడతాను. ముందు జేకబ్ కోహెన్ గురించి చెప్పనివ్వండి.

కోహెన్ న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనోవిజ్ఞాని. 'జర్నల్ ఆఫ్ అబ్నార్మల్ అండ్ సోషల్ సైకాలజీ' అనే పత్రికలో 1960లో వచ్చిన 70 పరిశోధనలు ముందేసుకుని, అన్నిటినీ ఒకటే ప్రశ్న అడిగారు. మధ్యస్థమైన తేడా నిజంగా ఉంటే, అది ఈ పరిశోధనకి దొరికే అవకాశం ఎంత? 1962లో జవాబు అచ్చువేశారు. సగటున 0.48, అంటే నూటికి 48సార్లు. నాణెం ఎగరేసినా అంతకంటే కాస్త మేలే! 1989లో సెడ్ల్‌మయర్, గిగరెంజర్ అనే ఇద్దరు పరిశోధకులు మళ్ళీ చూశారు. ఏమీ బాగుపడలేదు.

నిజంగా ఉన్న తేడా మనకి దొరికే ఈ అవకాశాన్నే పవర్ అంటాం. రెండు గ్రూపుల మధ్య మధ్యస్థమైన తేడాని నూటికి 80సార్లు పట్టుకోవాలంటే గ్రూపుకి 64 మంది కావాలి. మన దగ్గర ఏమంటారు? "గ్రూపుకి ముప్పై చాలమ్మా." ముప్పైతో అవకాశం సగం కూడా ఉండదు.

ఒక వైవాకి, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షకి వెళ్ళాను, ఎక్కడో చెప్పను. పల్లె నుంచి వచ్చిన హాస్టల్ పిల్లలకీ పట్నం పిల్లలకీ ఆత్మవిశ్వాసంలో తేడా ఉందా అని ఒక స్కాలర్ అమ్మాయి గ్రూపుకి ముప్పై మందితో ఎంతో ఓపికగా పని చేసింది. తేడా సిగ్నిఫికెంట్ కాలేదు, అంటే కాకతాళీయం కాదని చెప్పగలిగేంత రాలేదు. "రిజల్టే రాలేదు, ఇదేం థీసిస్?" అన్నారు పరీక్షకులు. తేడా లేకపోవడం వేరు, ఉన్నా మనకి దొరక్కపోవడం వేరు. నేను లేచి ఆ మాట చెప్పబోతే టైమ్ అయిపోయిందన్నారు. ఆడా మగా విడదీసి చూడు, ఎడంగా ఉన్న మార్కులు తీసెయ్యి, మళ్ళీ రన్ చెయ్యి అని పంపేశారు. ఆ పిల్ల ముఖం నేను మరిచిపోలేను. ముప్పై చాలన్నదెవరు? శిక్ష ఎవరికి?

అలా రన్ చేస్తూ పోతే ఏదైనా వస్తుందండీ! 2011లో సిమన్స్, నెల్సన్, సైమన్సన్ సరిగ్గా ఇలాంటి వెసులుబాట్లే వాడుకుని, ఒక పాట వింటే వయసు తగ్గుతుందని 'నిరూపించి' చూపించారు, మనల్ని హెచ్చరించడానికి. 2015లో వంద పరిశోధనల్ని తిరిగి చేస్తే, మొదట 97 శాతం సిగ్నిఫికెంట్ అయితే, ఈసారి 36 శాతమే అయ్యాయి. సాంఘిక మనోవిజ్ఞానంలో నాలుగో వంతు! కొత్త పోకడలన్నారు కదా, నాకు తెలిసిన పెద్ద పోకడ ఇదే. ఎంతమంది కావాలో లెక్క ముందు వేసుకోవడం, ప్లాన్ ముందే రాసి అందరికీ కనిపించేలా పెట్టడం.

స్కాలర్ల పరిశోధన ప్రణాళికల్ని చూసే సైనాప్సిస్ కమిటీ సభ్యులు ఈ హాల్లోనే ఉన్నారు. మిమ్మల్నే అడుగుతున్నాను. ఎంతమందిని తీసుకుంటున్నారో, అంతమందే ఎందుకో ఒక్క పేరా రాయించండి. ఒక్కరు అంత డేటా తేలేరంటారా? ముగ్గురు స్కాలర్లు కలిసి సేకరించి పంచుకోనివ్వండి. తేడా రాని థీసిస్‌ని వెనక్కి పంపకండి.

పిల్లలూ, భోజనాలయ్యాక నేనిక్కడే ఉంటాను. లాప్‌టాప్‌లో జీ పవర్ ఉంది, ఈ లెక్కలు వేసే, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరే. మీ ప్రశ్న పట్టుకురండి, ఎంతమంది కావాలో కలిసి లెక్క వేద్దాం.