పద్యం ముందు చెవుల పడాలె

(తెలంగాణ భాషా దినోత్సవం నాడు హన్మకొండల తెలుగు టీచర్ల ముందు మాట్లాడిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు కూర్చున్న తెలుగు సార్లకు, మేడమ్‌లకు, వెనక గోడకు ఆనుకొని ఫోన్లు చూసుకుంటున్న ట్రైనింగ్ పిల్లలకు గూడ నమస్తే. సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టినరోజు, ఈ రోజు మన ఊర్ల ఏ మీటింగుకు పోయినా భాష గొప్పతనం మీదనే మాట్లాడుతరు, నేను దాని జోలికి పోను. రేపు పొద్దున ఫస్ట్ పీరియడ్ల పద్యం పాఠం ఉందనుకోండి, మనం క్లాసుల అడుగుపెట్టంగనే ఏం చేస్తం, అంతవరకే చెప్త.

ఏం చేస్తమో మనందరికి ఎరికనే. కవి పరిచయం బోర్డు మీద రాస్తం, ఎత్తి రాసుకోమంటం, తర్వాత ప్రతిపదార్థం, ఆ మాటకు ఇది ఈ మాటకు ఇది అని విడదీసుకుంట పోతం, ఇంతల బెల్లు కొడతది, రేపు భావం రాసుకుందాం అంటం. పద్యం మొత్తం ఒక్కసారి గూడ ఎవ్వరి నోట్ల నుంచి రాలే. కోడిని కోసి కూర పంచి, ఇగ దాని కూత వినుండ్రి అన్నట్టుంటది ఇది. తప్పంతా టీచర్లదే అని నేననను, పరీక్షల ప్రతిపదార్థం అడుగుతరు, భావం అడుగుతరు, పిల్లగాడు ఎంత బాగ చదివిండో ఏ పేపర్ల అడగరు, అడగని దానికి పీరియడ్ ఎవరు ఖర్చు పెడతరు చెప్పుండ్రి. అయినా సరే నేను అడిగేది ఒక్కటే, అర్థం చెప్పకముందు వినిపించుండ్రి. రెండు సార్లు, మూడు సార్లు, బోర్డు ముట్టకుంట.

మన పోతన పద్యమే తీసుకుందాం. ఊరు బమ్మెర, పాలకుర్తి మండలం, పాత వరంగల్ జిల్లా. (పోతన ఉన్నడనే ఏకశిలానగరం అంటే మన ఓరుగల్లా, కడప దిక్కు ఒంటిమిట్టా అనే లొల్లి ఒకటుంది, అది పండితులు చూసుకుంటరు, పద్యం పాఠంల దాన్ని పెట్టుకుంటే పీరియడ్ అండ్లనే పోతది.) గజేంద్రమోక్షంల ఏనుగు మొసలితోని కొట్లాడి కొట్లాడి అలిసిపోయి అంటది:

లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్
ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్,
నీవే తప్ప నితఃపరం బెరుగ, మన్నింపందగున్ దీనునిన్,
రావే యీశ్వర, కావవే వరద, సంరక్షింపు భద్రాత్మకా!

ఇప్పుడు నేను చదివినప్పుడు ఎక్కడెక్కడ ఆగిన్నో చూసిండ్రా? మొదటి రెండు మాటలు జెర పొడుగు, లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె. తర్వాత చూడుండ్రి, మూర్ఛ వచ్చె, దనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్, ముక్కలు ముక్కలు. నీళ్లల్ల మునిగి తేలుకుంట మాట్లాడేటోడు పొడుగు వాక్యం మాట్లాడుతడా? ఊపిరి అందుతలేదు దానికి. ఇంకొకటుంది, నాకు మస్తు ఇష్టమైంది, మొదటి పాదం ఆఖర్ల ప్రాణంబులున్ అని ఆగుతది, ఏమైనయి ప్రాణాలు అంటే రెండో పాదంల గని తెలవది, ఠావుల్ దప్పెను. ప్రాణాలు ఠావు తప్పినయి అనే మాటనే పాదం దాటి జారి కింద పడ్డది. పోతన కావాలని చేసిండా, ఈ పద్యం ఛందస్సు శార్దూలం, దాని నడక తెచ్చిందా నాకైతే ఆ చర్చ అక్కర్లే, వినేటోనికి గుండె జారుతది, అది చాలు. ప్రతిపదార్థంల ఇది దొరకదు, ఏ గైడుల గూడ దొరకదు.

ఇట్ల విన్నంక ఛందస్సు దగ్గరికి పోతే పిల్లలకు భయం ఉండది. ప్రతి పాదంల రెండో అక్షరం ఏందిరా అని అడుగుండ్రి, వొ, వు, వే, వే, వాళ్లే పట్టుకుంటరు, అప్పుడు దీన్నే ప్రాస అంటరు అని చెప్పుండ్రి. యతి గూడ గంతే, పాదం మొదటి అక్షరంతోని పాదం నడుమ ఒక అక్షరం జత కలుసుడు, మొదటి పాదంల లా దగ్గర మొదలైతది, పదమూడో అక్షరం కాడ లం వస్తది, నాలుగో పాదంల రా ఉంటే మళ్ల అదే చోట ర. మ స జ స త త గ అనే శార్దూలం గణాల వరుస ఆఖరుకు రాయించుండ్రి, మొదలే రాయిస్తే అది లెక్కల పీరియడ్ అయితది.

మన పిల్లలకు లయ తెల్వదు అనేటోళ్లను చూస్తే నాకు నవ్వొస్తది. ఏ ఊర్లనన్న బతుకమ్మ కాడికి పొయ్యి చూడుండ్రి, ఒకామె పాదం ఎత్తుకుంటది, మిగిలినోళ్లు ఉయ్యాలో అని అందుకుంటరు, ఐదారేండ్ల పిల్ల గూడ చప్పట్ల కాడ ఎక్కడా తప్పది. ఆ పిల్లనే తొమ్మిదో తరగతికి వచ్చేసరికి రెండేసి పాదాల పద్యం ద్విపద అంటే ఏందో తెల్వదంటది, మూడు ఇంద్ర గణాలు ఒక సూర్య గణం అని నిర్వచనం బట్టీ పట్టి గూడ పాడమంటే నోరు తెరవది. పాల్కురికి సోమన బసవపురాణం మొత్తం ద్విపదల రాసిండు, అది జనం నోట్ల ఆడే నడక కాబట్టి. మీ క్లాసుల ద్విపద ఉన్ననాడు సగం మంది ఒక పాదం, సగం మంది రెండో పాదం అందుకునేటట్టు చెయ్యుండ్రి, పక్క క్లాసు సారు వచ్చి లొల్లి ఏందంటే అననియ్యుండ్రి.

కథల సంగతి గూడ ఒక మాట. దాశరథి నిజామాబాద్ జైల్ల బొగ్గుతోని గోడ మీద పద్యం రాసిండని చెప్తే క్లాసు మొత్తం లేచి కూర్చుంటది, నిజమే. కానీ మనం శానమందిమి ఆ కథ కాడనే ఆగిపోతం, జైలు, నిజాం, బొగ్గు అన్నీ చెప్పి పద్యం మాత్రం ఇంటికాడ చదువుకోండ్రి అంటం. ఆ బొగ్గుతోని రాసింది ఏందో వినకపోతే బొగ్గు ముచ్చట ఎందుకు?

వచన కవితకైతే ఇంకా అన్యాయం, గణాలు లేవు, అలంకారం అడగరు, ఒకసారి చదివి సారాంశం చెప్పి దాటేస్తం. కాళోజీ బడి పలుకుల భాష కాదు పలుకుబడుల భాష కావాలన్నడు, ఆయన కవితను మనం న్యూస్ చదివినట్టు చదువుతం. మన ఇండ్లల్ల మాట్లాడినట్టు కోపం ఉన్నకాడ కోపంగ, ఎగతాళి ఉన్నకాడ ఎగతాళిగ చదువుండ్రి, సగం పాఠం అండ్లనే అయిపోతది.

ప్రశ్నల గురించి చెప్పి ఆపేస్త. ఒకసారి ఇదే గజేంద్రమోక్షం చెప్తుంటే ఒక పిల్ల లేచి, సార్, దేవుడు ఇంత లేటెందుకు వచ్చిండు, ఏనుగు అంత కొట్లాడేదాక చూసుకుంట కూసున్నడా అని అడిగింది. క్లాసంతా నవ్విండ్రు. నేనేం చెప్పలే, పద్యంలనే ఉన్నదేమో ఎతుకుండ్రి అన్న. కొద్దిసేపు అయినంక వెనక బెంచిల పోరగాడు, లావొక్కింతయు లేదు అనేదాక అది పిలవనే లేదు గద సార్, తన బలం ఉన్నన్ని రోజులు దానితోనే కొట్లాడింది అన్నడు. ఇంకొకడు నీవే తప్ప అనే మాట మూడో పాదంల గదా వచ్చింది అన్నడు. ఆ పిల్ల మాత్రం ఒప్పుకోలే, పిలవకపోయినా రావాలె గద సార్, దేవుడంటే అన్నది. ఆ వాదన బెల్లు దాక నడిచింది, తేలలే. నేను తేల్చలే గూడ. పరీక్షల ఈ ప్రశ్న రాదు, కానీ ఆ రోజు ప్రతిపదార్థం వాళ్లంతట వాళ్లే అడిగి రాసుకున్నరు, ఎందుకంటే వాదించుకోనీకి మాట మాట అర్థం కావల్సొచ్చింది.

ఇగ నేను కూర్చుంట. ఏనుగును కాపాడనీకి విష్ణువు ఉరికొచ్చే సిరికిం జెప్పడు పద్యం మీ అందరికి నోటికొచ్చు, పరుగెత్తే పద్యం అది. ఒకరు స్టేజీ మీదికొచ్చి చదవాలె, ఎవరొస్తరు? గణాలు, అర్థం ఏం అడగం. మేడమ్, మీరు రాండ్రి, మైకు జెర కిందికి వంచుండ్రయ్యా.