సూట్‌కేస్ కంటే ముందు సూది

ఫారిన్ పోయేటందుకు సూట్‌కేసులు కొన్నరా? కొంటే అయిపాయె. మీ కుక్కను మీరు ఇడిసిపోతున్నరు. కాయితం మీద రాసిపెట్టుకోండి. దానికి గుర్తింపు చిప్ ఎయ్యకముందు సూట్‌కేస్ కొన్నోడు కుక్కను తీసుకపోడు. తీసుకపోతనని కండ్లల్ల నీళ్లు పెట్టుకోని చెప్తడు గని, తీసుకపోడు.

అందరికి నమస్తే. పోయిన వారం నేను పెట్టిన షార్ట్ చూసిన్రు గదా. హన్మకొండల ఒక కాలనీ, ఇల్లు ఖాళీ చేసి ఫారిన్ ఎల్లిపోయినోళ్లు, తాళమేసిన గేటు ముందల కుక్క. మూడు దినాల సంది అది అక్కడ్నే కూసున్నది, పక్కింటోళ్లు పెరుగన్నం పెడుతుండ్రు అని చెప్పిన. దాని కింద మీరు పెట్టిన కామెంట్లు సదివిన. పొద్దుగాల చాయ్ తాగుకుంట సదివిన, చాయ్ సల్లగైంది గని నా తల సల్లగ కాలే.

ఒకాయన ఏమంటడు? "అన్నా, వీసా వచ్చినంక 20 దినాలల్ల పోవాలె, టైమ్ ఎక్కడిది?" వీసా 20 దినాల కింద వచ్చింది, ఒప్పుకుంట. ఆఫర్ ఎప్పుడొచ్చింది? ఇంగ్లిష్ పరీక్ష ఎప్పుడు రాసినవ్? ఆర్నెల్ల సంది ఇంట్ల నువ్వు ఇంకేమన్న మాట్లాడినవా? సుట్టాలందరికి తెలుసు, కిరాణం కొట్టు తాతకు తెలుసు, పాలోనికి తెలుసు. ఆ ఆర్నెల్లల్ల కుక్కకు ఒక్క సూది ఏపిచ్చేటందుకు టైమ్ దొరకలేదా?

సూది అంటే ఏ సూది? గిదే అసలు ముచ్చట, చెవు పెట్టి ఇనుండ్రి.

ఇంగ్లండ్ గానీ, జర్మనీ, ఫ్రాన్స్, ఐర్లండ్ గానీ, వాళ్ల లెక్కల ఇండియా రేబిస్ ఉన్న దేశం. అందుకే కుక్కకు ముందుగాల మెడ మీద తోలు కింద చిప్ ఎయ్యాలె, బియ్యం గింజంత ఉంటది, 15 అంకెల నంబరు. చిప్ పడ్డంకనే రేబిస్ టీకా. టీకా పడ్డంక తక్కువల తక్కువ 30 దినాలు ఆగి రక్తం తియ్యాలె. ఆ రక్తాన్ని వాళ్లు ఒప్పుకున్న ల్యాబ్‌కు పంపాలె. టీకా పనిచేస్తున్నదా లేదా అని చూస్తరు, రక్తంల దాని బలం మిల్లీలీటరుకు 0.5 యూనిట్లకు తగ్గొద్దు. తగ్గలేదనుకో, రక్తం తీసిన దినం నుంచి 3 నెలలు ఆగాలె. గప్పుడు ఇమానం. లెక్క కట్టుకోండి: ఒక నెల, మూడు నెలలు, మొత్తం నాలుగు. నువ్వు ఎంత పెద్దోనివైనా, ఎన్ని పైసలు పడేసినా, నాలుగు నెలలు మూడు కావు. పాస్‌పోర్ట్‌కు తత్కాల్ ఉన్నది, కుక్క రక్తానికి తత్కాల్ లేదు.

ఇగ ఇందుల ఒక గుంత ఉన్నది. మా ఇల్లంత అందుల్నే పడ్డది కాబట్టి చెప్తున్న.

మా అక్క, బావ ఇంగ్లండ్‌ల లీడ్స్ పోయేదుండె. వాళ్ల కుక్క చింటు. జాతి గీతి ఏం లేదు, వడ్డేపల్లి చెరువు కట్ట మీద దొరికిన ఊరకుక్క, చెవులు మాత్రం రాజకుమారుని లెక్క నిక్కబొడుస్తది. ఏడాదేడాది టీకా ఏపిచ్చిన్రు. పుస్తకం నిండ ముద్రలే ముద్రలు. బావ ఆ పుస్తకం సూపిచ్చుకుంట, "మా చింటు కాయితాలు నా కాయితాల కంటె పక్కా" అనేటోడు. చౌరస్తకు పోయి నాలుగు పెద్ద పెద్ద సూట్‌కేసులు తెచ్చిండు. ఫ్రిజ్ అమ్మిండు. మంచం మా చిన్నమ్మకు ఇచ్చిండు. గ్యాస్ సరెండర్. అన్నీ అయినంక, ఆఖరుకు, చింటుకు చిప్ ఏపిచ్చిండు. టీకా వచ్చే ఏడాది దాక నడుస్తది గదా, మళ్లెందుకని ఊకున్నడు. మేమందరం ఊకున్నం.

కార్గో ఏజెంట్ పుస్తకం తెరిచి రెండు తారీఖులు చూసిండు. చిప్ తారీఖు, టీకా తారీఖు. "సార్, టీకా ముందు పడ్డది, చిప్ తర్వాత పడ్డది. ఇది చెల్లదు" అన్నడు.

చిప్ లేనప్పుడు ఏసిన టీకా ఏ కుక్కకు ఏసిన్రో వాళ్లకేం తెలుసు? గది వాళ్ల లెక్క. ఆలోచిస్తే తప్పేం లేదు. ఇన్నేండ్ల ముద్రలు నీళ్లల్ల కలిసినయ్. మళ్ల టీకా, మళ్ల 30 దినాలు, రక్తం, మూడు నెలలు. బావ జాయినింగ్ డేట్ ఆగది, పోయిండు. అక్క ఆగింది. ఖాళీ ఇంట్ల, ఒక చాప, ఒక గంజు, ఒక కరెంటు పొయ్యి, చింటు. నాలుగు నెలలు. మాట్లాడితె గోడలు మళ్ల మాట్లాడేటియి. మా అమ్మ రోజు సద్ది తీసుకపోయేది, పోయినప్పుడల్ల తిట్టేది: "మంచం అమ్మేటోడు కుక్క పుస్తకం ఒకసారి సదివిచ్చుకోవద్దా?" మంచం అమ్మలేదు, ఇచ్చిన్రు. అయినా అమ్మ మాటల న్యాయం ఉన్నది.

గందుకే నా సిద్ధాంతం ఒకటున్నది. సూట్‌కేస్ ఇంట్లకొచ్చిన నాడు మీ ఇల్లు ఇల్లు కాదు, లగేజీ అయితది. ప్రతి వస్తువును చూసి "దీని బరువెంత" అని అడుగుతరు. తొక్కు డబ్బా బరువెంత, రోలు బరువెంత, పెంబర్తి ఇత్తడి దీపం బరువెంత. గట్ల చూసుకుంట చూసుకుంట కుక్క కాడికొస్తరు. కుక్క బరువెక్కువ. అయిపాయె! సామాన్లల్ల కుక్క చేరింది, సామాను మిగిలిపోతది. తప్పు మనసుది కాదు, వరుసది. ముందు చిప్ ఏపియ్యి, తర్వాత సూట్‌కేస్ కొను. గప్పుడు లెక్క తిరగబడ్తది, కుక్క పోతున్నది కాబట్టి ఏం ఇడిసిపెట్టాలె అని చూస్తవ్.

ఇంకో మాట. 23 కిలోలు దాటిందా లేదా అని బ్యాగును మూడుసార్లు కాంటా పెడ్తరు. సకినాలు తీసి ఒక బ్యాగుల, పసుపు తీసి ఇంకో బ్యాగుల. బాగనే ఉన్నది. కుక్క ఎన్ని ఇంచులున్నదో ఎన్నడన్న కొలిసిన్రా? ముక్కు నుంచి తోక మొదలు దాక ఒక కొలత. నేల నుంచి ముందుకాలు మోచెయ్యి దాక ఇంకో కొలత, అందుల సగం తీసి మొదటి దానికి కలపాలె. అది కుక్క డబ్బా పొడుగు. భుజాల ఎడల్పుకు రెండింతలు డబ్బా ఎడల్పు. నిలబడ్డప్పుడు తల గానీ చెవి కొన గానీ, ఏది పైనుంటె అంత ఎత్తు. లోపల నిలబడాలె, తిరగాలె, కాళ్లు చాపుకోని పండాలె. ఒక్క ఇంచు తక్కువైతె ఇమానమోళ్లు ఎక్కనియ్యరు. ఆ డబ్బా పోయేనాడు తెచ్చేది కాదు. నెలల ముందు హాల్ల పెట్టాలె, తలుపు తెరిచి, అన్నం అందుల్నే పెట్టాలె. దానికి అది ఇల్లనిపియ్యాలె, పంజరం అనిపియ్యొద్దు.

ఇగ మెడికల్ షాపు డాక్టర్లు మోపైతరు. "నిద్ర గోలి ఏసెయ్, హాయిగ పంటది." ఎయ్యకుండ్రి! మత్తుల ఉన్న జంతువును చాన ఎయిర్‌లైన్లు ఎక్కిచ్చుకోనే ఎక్కిచ్చుకోవు. పైన ఊపిరికి, బీపీకి తేడా వస్తె లోపల చూసేటోడు లేడు. హచ్ కుక్క ఉన్నోళ్లైతె ఇంకా జాగ్రత్త. పగ్గు, బుల్‌డాగు, ఆఖరుకు పర్షియన్ పిల్లి గూడ, ముక్కు సప్పగున్నయి ఊపిరికి కష్టపడ్తయి, చాన ఎయిర్‌లైన్లు వద్దంటయి. పిట్‌బుల్ ఉన్నోడు జర్మనీ పేరే ఎత్తొద్దు, అక్కడ ఆ జాతిని తెచ్చుడే బంద్.

అమెరికా పోయేటోళ్లు నవ్వకుండ్రి. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడ సీడీసీ, అంటే వాళ్ల సర్కారు ఆరోగ్య సంస్థ, రూల్స్ మార్చింది. 6 నెలలు నిండని కుక్కను రానియ్యరు. మన కాడ టీకా ఏసిన కుక్కకు చిప్, సర్కారు డాక్టర్ సంతకం ఉన్న ఫారం, దిగే ఎయిర్‌పోర్ట్‌ల వాళ్లు ఒప్పుకున్న కేంద్రంల ముందే బుకింగ్. రక్తపరీక్ష కాయితం లేకపోతె 28 దినాలు అక్కడ క్వారంటైన్, బిల్లు నీకే. పిల్లి ఉన్నోళ్లు అదృష్టవంతులు, సీడీసీ పిల్లికి రేబిస్ కాయితం అడుగది, రాష్ట్రాన్ని బట్టి, ఎయిర్‌లైన్‌ను బట్టి ఉంటది. ఆస్ట్రేలియా ముచ్చట అడుగకుండ్రి. ఇండియా నుంచి సీదా పోరాదు, మధ్యల వాళ్లు ఒప్పుకున్న ఇంకో దేశంల ఉంచి తీసుకపోవాలె, దిగినంక మెల్‌బోర్న్ కాడ మికిల్‌హామ్‌ల సర్కారు క్వారంటైన్.

ఇప్పుడు నన్ను బాగ మండిపిచ్చిన కామెంటుకు వస్త. "మేం ఇడిసిపెట్టలే అన్నా, అమ్మ కాడ ఉంచినం."

అమ్మ కాడ! పొద్దుగాల ఆరింటికి భద్రకాళి బండ్ మీదికి పోయి చూడుండ్రి. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మ, చేతిల పట్టా, ఆ పట్టాకు 35 కిలోల లాబ్రడార్. పెద్దమ్మ కుక్కను తిప్పుతలేదు, కుక్క పెద్దమ్మను తిప్పుతున్నది. కొడుకు డాలస్‌ల ఉన్నడు, వీడియో కాల్‌ల కుక్కకు ముద్దు పెడ్తడు. ముద్దు పెట్టెటోడు ఒకడు, పెంట ఎత్తెటోళ్లు ఇంకొకళ్లు.

అంతకంటె ఘోరం ఇంకోటి. మా గల్లీల ఒకాయన హస్కీ తెచ్చిండు. వరంగల్‌ల! మే నెల ఎండకు మనమే అటు ఇటు పోలేం, దానికి కూలర్ పెట్టి, కింద ఐసు గడ్డలు పెట్టి సాదిండు. సరే, ప్రేమ. ఆయనకు పీఆర్, అంటే అక్కడ్నే ఉండిపోయే పర్మిషన్, ఎక్కడొచ్చిందో తెలుసా? కెనడా. మంచుల పుట్టిన జాతిని తెచ్చి ఎండల పెంచినవ్, నువ్వు మంచుకు పోతున్నవ్, దాన్ని ఎండల ఇడిసిపోతున్నవ్! పైంగ కెనడా, ఎంబడి తీసుకపోయే ఎదిగిన కుక్కకు ఆ రక్తపరీక్ష గూడ అడుగది, రేబిస్ టీకా కాయితం చూస్తది. ఆయన్ను అడిగిన. "సామాను మస్తున్నది తమ్మి" అన్నడు. ఇంటిండ్రా? సామాను! నా సిద్ధాంతం ఆయన నోటెంబడే వచ్చింది.

"తర్వాత పంపుతం" అనేటోళ్లకు ఒక మాట. యూరప్‌కు, ఇంగ్లండ్‌కు ఓనర్ పోయిన తేదీకి కుక్క పోయిన తేదీకి 5 దినాల కంటె ఎక్కువ తేడా ఉండొద్దు. దాటితె యాపారం లెక్కల పడ్తది, ఆ రూల్స్ వేరే, ఆ లొల్లి వేరే. మా అక్క ఏం చేసింది? చింటును తన పేరు మీదనే ఉంచింది, తనతోనే తీసుకపోయింది. ఇంట్ల ఎవలు ఎనుక పోతరో వాళ్ల పేరు మీద పెట్టుకోండి. లక్షల ఖర్చు ఉంటది, అబద్ధం చెప్ప. ఇంగ్లండ్‌కైతె కుక్క నీ పక్క సీట్ల రాదు, కార్గోల్నే పోవాలె.

ఇంకా, సామాను కట్టే దినం. ఆ దినమే కుక్కలు తప్పిపోతయి. ప్యాకర్లు వస్తరు, గేటు బార్ల తెరిచి ఉంటది, కొత్త మనుషులు, టేపు సప్పుడు, బీరువ ఈడ్చే సప్పుడు. అది బెదిరి ఉరుకుతది. ఒక గదిల పెట్టి, తలుపు మీద "తెరవొద్దు" అని పెద్దగ రాసి అంటియ్యి. పిల్లి అయితె అట్టడబ్బ కనిపిస్తె సాలు దూరి పంటది, టేపు ఏసేముందు ప్రతి డబ్బల చెయ్యి పెట్టి చూడు. బట్టలల్ల ఏసే డాంబర్ గోలీలు కింద పడెయ్యకుండ్రి, నాకితె విషం, పిల్లికైతె మరీ.

ఆఖరు వారం అక్క ఎట్ల ఉరికిందో నాకు తెలుసు, బండి నడిపింది నేనే. ఇంగ్లండ్‌ల దిగే టైముకు 24 గంటల నుంచి 120 గంటల లోపల బద్దెపురుగు మందు పడాలె, డాక్టర్ రాసి సంతకం పెట్టాలె. ముందు పడ్డా చెల్లదు, ఆలస్యమైనా చెల్లదు. మనకు మామునూరుల పశువుల డాక్టర్ల కాలేజీ ఉన్నది, నిజాం కాలం నాటి ఎయిర్‌పోర్ట్ గూడ అక్కడ్నే ఉన్నది, ఇమానాలే లేవు. 2025ల పర్మిషన్ వచ్చిందని పటాకులు కాల్చినం, సంతోషం, చింటుకైతె అందలే. 150 కిలోమీటర్ల పైన శంషాబాద్. అక్కడ ఎగుమతి కాయితమిచ్చే కేంద్ర సర్కారు క్వారంటైన్ ఆఫీస్‌ల సారు చింటును చూసి, మెడ మీద మిషన్ పెట్టిండు. కీక్ మని 15 అంకెలు వచ్చినయ్. అక్క కాయితం మీది నంబరు పైకి సదువుతున్నది, సారు మిషన్ మీది నంబరు చూస్తున్నడు. ఆఖరు అంకె కలిసేదాక నా గుండె గొంతులున్నది.

చింటు డబ్బల అక్క ఒక జంపుకాన ముక్క పరిచింది. అమ్మ పెండ్లప్పటి జంపుకాన అది, మన వరంగల్ మగ్గం మీదిది. కత్తెరతోని కోస్తుంటె అమ్మ ఇల్లు పీకి పందిరేసింది. "దాంట్ల మనింటి వాసనున్నది, ఉతక" అన్నది అక్క.

ఇప్పుడు లీడ్స్‌ల దానికి మెత్తటి పరుపు కొన్నరట. దాని మీద పండదు. గా ముక్క మీదనే పంటది. అమ్మ వీడియో కాల్ చేస్తె అక్కను తిన్నవా అని అడుగది, కెమెరా కిందికి పెట్టుమంటది. పెట్టంగనే, "ఏందే, ఇంకా ఉతకలేదా?"

ఉతకలేదు.