వేలిముద్ర పడని చోట మొదలయ్యే చదువు

శ్రోతలకు నమస్కారం.

డిజిటల్ మాధ్యమాలు, సాంకేతికత, సామాజిక మార్పు అన్న పేర్లతో విశ్వవిద్యాలయాల్లో పాఠ్యక్రమాలు వస్తున్నాయి. వీడియోలు కూర్చడం, యాప్‌లు తయారుచేయడం నేర్పే చదువులివి అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. ఆ పనితనం కావలసిందే గాని, అది కొన్ని నెలల శిక్షణతో అబ్బుతుంది. ఊళ్లోకి ఒక యంత్రం వచ్చాక ఎవరి పని తేలికయింది, ఎవరి పని బరువయింది అని ఓపికగా విచారించడమే విశ్వవిద్యాలయం చేయవలసిన పని అని నా నమ్మకం.

అనంతపురం జిల్లాలో ఒక పల్లె చౌక డిపోలో నేను చూసినది చెబుతాను. ఏళ్ల తరబడి విత్తనానికి చెనిక్కాయలు ఒలిచి బొటనవేలి గీతలు అరిగిపోయిన ఒక అవ్వ యంత్రం మీద వేలు పెట్టింది. ముద్ర పడలేదు. కొంగుతో తుడుచుకొని మళ్లీ పెట్టింది, ఆపైన చూపుడువేలు పెట్టింది. అదీ పడలేదు. "సాయంత్రం రా అవ్వా, చూద్దాం" అన్నాడు డీలరు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకొని ఆమె వెనుదిరిగింది.

ఆ ఐదు నిమిషాల్లో ఒక సంవత్సరానికి సరిపడే పాఠం ఉంది. నమోదైన ముద్రకూ ఇప్పుడు పెట్టిన వేలికీ ఎంత పోలిక ఉంటే ఒప్పుకోవాలో యంత్రానికి ముందే ఒక హద్దు పెడతారు. హద్దు బిగిస్తే దొంగ ముద్రలు తగ్గుతాయి, కాని అరిగిన వేళ్లవారు కూడా వెలుపలే ఉండిపోతారు. ఆ హద్దు ఎక్కడ పెట్టాలన్నది లెక్కల విషయమే కాదు, న్యాయానికి సంబంధించిన విషయం కూడా. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది, వేలిముద్ర వంటి వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. వీటిని చదివే విద్యార్థి ఆ అవ్వ ఎదుట కూర్చొని చదవాలి.

యంత్రం ఎదుట మనుషులను ఇలా గమనించడం మనకు కొత్త సంప్రదాయమేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు ఇస్రో, నాసా ఉపగ్రహం సాయంతో, ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ ప్రసారాలు అందించింది. తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చాయి. ప్రసారంతోనే పని ముగిసిందనుకోకుండా, పరిశోధకులు కొందరు పల్లెల్లోనే మకాం వేసి, ఆ పెట్టె ముందు ఎవరు కూర్చున్నారో, ఎవరు దూరంగా నిలబడ్డారో గమనించారు.

అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ, కడపలోని యోగి వేమన, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయాలకు వచ్చే పిల్లల్లో ఎందరో ఇటువంటి పల్లెల వారే. డిపో దగ్గర మాట్లాడే మాట వారికి తెలుసు. ప్రశ్నావళిని అనువదించుకోవలసిన పని లేదు. అందుచేత ఒక్కొక్కరికి ఒక్కొక్క డిపోను అప్పగించి, ఒక అర్ధసంవత్సరం పాటు నెలనెలా అక్కడికి పంపాలని కోరుతున్నాను. ఎవరి ముద్ర పడలేదో, ఎన్నిసార్లు తిరిగారో, ఆ రోజు కూలి ఎంత పోయిందో, చివరికి బియ్యం ఏ వేలితో వచ్చాయో తెలుగులోనే రాసుకొని రమ్మనాలి.