గంటకు పావు కిలో ఐస్

(నల్గొండలో మందుల షాపుల వాళ్లు, ఫార్మసీ విద్యార్థులు, ఇంటి దగ్గర పనీరు, చేపలు ప్యాక్ చేసి పంపేవాళ్లు కలిసిన ఒక సమావేశంలో మాట్లాడింది. మాట్లాడినట్టే ఉంచాను, అక్కడక్కడా కొంచెం సర్దాను.)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక కూర్చున్న అక్కలకు? సరే.

మొదలుపెట్టే ముందు ఒక పని చేద్దాం. ఈ థర్మాకోల్ డబ్బాలో ఉత్త నీళ్లు నింపిన మందు సీసాలు పది పెట్టాను, నాలుగు పక్కలా ఐస్ ప్యాకులు పెట్టాను, రెండు థర్మామీటర్ల వైర్లు లోపలికి దూర్చి మూత వేసి టేపు చుట్టాను. తమ్ముడు దీన్ని తీసుకెళ్లి బయట మన బండ్లు ఆపిన చోట ఎండలో పెడతాడు. నా మాటలు అయిపోయాక తెప్పించి చూద్దాం. మే నెల నల్గొండ ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, మన దగ్గర రాత్రి పదింటికి కూడా గుట్ట మీది బండలు వేడి కక్కుతుంటాయి.

నేను ఇరవై ఏళ్ల నుంచి డబ్బాలు కడుతున్నా. ఎక్కువగా మందులు, మధ్యలో కొన్నాళ్లు చేపలు, ఒక సీజన్ మామిడి కూడా. ఈ ఇరవై ఏళ్లలో నన్ను అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: "అన్నా, ఈ డబ్బా ఎన్ని గంటలు చల్లగా ఉంటది?" డబ్బాను చూసి ఆ మాట ఎవరూ చెప్పలేరు. లోపల ఎంత ఐస్ ఉంది, బయట ఎంత వేడి ఉంది, గోడ ఎంత మందం ఉంది, ఈ మూడూ తెలిస్తే చెప్పొచ్చు, అది కూడా చాలా తేలికైన లెక్కే.

ముందు ఒక సంగతి మనసులోంచి తీసేయాలి. థర్మాకోల్ డబ్బా చల్లదనం ఇవ్వదు. ఇంట్లో రంజన్, అదే నీళ్ల మట్టికుండ, ఉంటుంది చూడండి, అది నిజంగానే నీళ్లను చల్లబరుస్తుంది, ఎందుకంటే దాని ఒళ్లంతా చెమట పడుతుంది, ఆ తడి ఆరేటప్పుడు లోపలి వేడిని పట్టుకుపోతుంది. డబ్బాకు ఆ విద్య రాదు. అందులో నూటికి తొంభై ఎనిమిది వంతులు గాలే, ఆ గాలి చిన్న చిన్న గదుల్లో కదలకుండా ఇరుక్కుని ఉంటుంది కాబట్టి వేడి లోపలికి మెల్లగా వస్తుంది, అంతే. మెల్లగానే గానీ ఆగకుండా వస్తుంది. వచ్చిన ఆ వేడిని ఐస్ కరుగుతూ మింగుతుంది. ఐస్ ఎంత మింగుతుందంటే, ఒక కిలో ఐస్ కరిగి నీళ్లయ్యేలోపు తాగే వేడితో కిలో చల్లటి నీళ్లను 0 నుంచి 80 డిగ్రీల దాకా కాచొచ్చు. అందుకే ఐస్‌ను మించిన చౌక సరుకు ఇంకా రాలేదు.

ఇప్పుడు లెక్క. లోపల అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న డబ్బా తీసుకోండి, గోడ మూడు సెంటీమీటర్ల మందం. బయట 40 డిగ్రీలు, లోపల ఐస్. ఆ డబ్బా గోడల్లోంచి గంటకు వచ్చే వేడి సుమారు పావు కిలో ఐస్‌ను కరిగిస్తుంది. గంటకు పావు కిలో. ఇది రాసి పెట్టుకోండి, నేను ఇవాళ చెప్పేదాంట్లో ఇంకేం గుర్తులేకపోయినా ఫర్వాలేదు. రోజు మొత్తానికి ఆరు కిలోలు. అంటే ఇక్కడి నుంచి హైదరాబాద్ వెళ్లి అక్కడి నుంచి ఇంకో ఊరికి 24 గంటల్లో చేరాల్సిన పార్సిల్‌లో రెండు జెల్ ప్యాకులు పడేసి "చల్లగానే వెళ్తదిలే" అనుకున్నామంటే, అది హైదరాబాద్ దాటకముందే అయిపోయిన కథ. గోడ మందం రెట్టింపు చేస్తే కరిగేది దాదాపు సగమవుతుంది. ఆరు సెంటీమీటర్ల డబ్బాకు నలభయ్యో యాభయ్యో ఎక్కువ పెట్టాలంటే మనకు ప్రాణం పోతుంది గానీ, అదనంగా మూడు కిలోల ఐస్ బరువుకు కొరియర్‌ వాళ్లకు కట్టేది ఎవరూ లెక్కేయరు.

ఇంకోటి, చిన్న డబ్బాలు రెండు కట్టే బదులు పెద్దది ఒకటి కట్టండి. డబ్బాను అన్ని వైపులా రెట్టింపు చేస్తే లోపల పట్టేది ఎనిమిది రెట్లు అవుతుంది, గోడలు మాత్రం నాలుగు రెట్లే పెరుగుతాయి. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి కలకత్తాకు ఓడలో ఐస్ తెచ్చారంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వ్యాపారి అక్కడి చెరువుల మీద గడ్డకట్టిన ఐస్‌ను కోయించి ఓడకెక్కించాడు. నాలుగు నెలలు, మధ్యలో భూమధ్యరేఖను రెండుసార్లు దాటడం, సుమారు 180 టన్నులు ఎక్కిస్తే కలకత్తాలో దిగేటప్పటికి వంద టన్నుల దాకా మిగిలింది. ఫ్రిజ్ లేదు, థర్మాకోల్ లేదు. గుట్టలాగా ఒక్క దగ్గర పేర్చడం, ఇలాంటి ఐస్‌కు వాళ్లు చుట్టూ కూర్చేది రంపపు పొట్టు. అదే ఐస్ కోసం మద్రాసు బీచ్‌లో 1842లో కట్టిన ఐస్ హౌస్ ఇప్పటికీ ఉంది, వివేకానంద పేరుతో. మన దగ్గర కూడా ఐస్ ఫ్యాక్టరీ గడ్డను ఊకలో పొర్లించి గోనె సంచి చుట్టి సైకిల్ వెనక కట్టుకుపోవడం మనలో సగం మంది చిన్నప్పుడు చూసిందే. ఊకకు మిర్యాలగూడలో కరువా!

గోడ సంగతి ఇలా ఉంటే, మూత సంగతి ఇంకోలా ఉంటుంది. మూతకూ డబ్బాకూ మధ్య ఉన్న సందులోంచి వేడి గాలి దర్జాగా వెళ్లి వస్తుంది. మనవాళ్లు పైన అడ్డంగా ఒక టేపు, నిలువుగా ఒక టేపు వేసి ప్లస్ గుర్తు పెట్టి వదిలేస్తారు, అది మూత ఊడకుండా ఉండటానికి, గాలి ఆపడానికి కాదు. టేపు ఆ సందు వెంబడే చుట్టూ తిరగాలి. లోపల ఖాళీ ఉంటే నలిపిన న్యూస్ పేపర్ కుక్కండి, గాలి అటూ ఇటూ తిరగకుండా.

పనీరు, చేపలు పంపేవాళ్లు చేసే తప్పు వేరే. సరుకును వేడిగా ఉండగానే డబ్బాలో పెట్టి, పైన ఐస్ వేసి, దారిలో అదే చల్లబడుతుందిలే అనుకుంటారు. పది కిలోల చేపను 30 డిగ్రీల నుంచి 0 దాకా దించడానికే మూడు కిలోల పైచిలుకు ఐస్ ఖర్చవుతుంది. అంటే మీరు దారి కోసం పెట్టిన ఐస్‌లో సగం బస్సెక్కకముందే అయిపోయింది. సాగర్ నుంచో డిండి నుంచో చేప వచ్చిన వెంటనే ఐస్ పొడిలో పూడ్చి, అది పూర్తిగా చల్లబడ్డాక, ఆ కరిగిన ఐస్ తీసేసి కొత్త ఐస్‌తో కట్టండి. గడ్డ కాదు, పొడి. గడ్డ చేపను ఒక్క దగ్గరే తాకుతుంది. పనీరైతే ముందు రాత్రంతా ఫ్రిజ్‌లో ఉండి తెల్లవారి డబ్బాలోకి రావాలి.

ఇక మందులు. ఇక్కడ కాస్త నిదానంగా వినండి, నా సొంత తప్పు చెప్తున్నాను.

పదేళ్ల కింద ఎండాకాలంలో దేవరకొండ వైపు ఒక షాపుకు ఇన్సులిన్ పంపాలి. అంతకు ముందు వారమే ఇంకో పార్సిల్ వేడెక్కి తిరిగొచ్చింది, మాటలు పడ్డాను, ఆ టెన్షన్‌లో ఉన్నాను. ఈసారి ఎట్లయినా చల్లగా పోవాల్సిందే అని డీప్ ఫ్రీజర్‌లోంచి రాయిలాంటి ప్యాకులు తీసి, ఇన్సులిన్ సీసాల అట్టపెట్టెలకు ఆనించి, కింద రెండు, పైన రెండు, పక్కల నాలుగు పెట్టి కట్టేశాను. చాలా గర్వంగా కట్టాను కూడా. మర్నాడు పొద్దున ఫోన్. "అన్నా, మందు గడ్డకట్టింది." ఆయన మంచివాడు కాబట్టి డబ్బా రాగానే విప్పాడు, చూశాడు, చెప్పాడు. మధ్యాహ్నం దాకా పక్కన పెట్టి ఉంటే కరిగిపోయి మామూలు మందులాగే కనిపించేది, ఎవరో ఒక షుగర్ పేషెంట్ దాన్ని పొడుచుకునేవాడు, పని చేయని మందును. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తప్పు ఎక్కడుందంటే, ఐస్ అంటే 0 డిగ్రీలు అనుకున్నాను. ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ప్యాక్ 0లో ఉండదు, మైనస్ 18లోనో 20లోనో ఉంటుంది. అది 0కు వచ్చేలోపు పక్కనున్న దేని నుంచైనా వేడి లాగుతుంది, పక్కన ఇన్సులిన్ ఉంటే ఇన్సులిన్ నుంచే లాగుతుంది. ఇన్సులిన్‌కు, చాలా టీకాలకు కావాల్సింది 2 నుంచి 8 డిగ్రీలు. పైకి 8 దాటితే కొంచెం కొంచెంగా చెడుతుంది, కింద 0 దాటి గడ్డకడితే ఒక్కసారికే చెడుతుంది. మనం మాత్రం వేడికే భయపడతాం, ఎందుకంటే వేడి మనకు తెలిసిన శత్రువు.

దీనికి విరుగుడు మన ఊళ్లలో టీకాలు వేసే ఏఎన్ఎం అక్కలకు ఎప్పటి నుంచో తెలుసు. టీకాల రోజు వాళ్లు భుజానికి వేసుకొచ్చే క్యారియర్‌లో నాలుగు ఐస్ ప్యాకులు ఉంటాయి. వాటిని ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా పెట్టరు. బల్ల మీద విడివిడిగా పరిచి వదిలేస్తారు. పైనున్న తెల్లటి మంచు పోయి, ప్యాక్ చెమట పట్టి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. ఇదిగో, ఈ ప్యాక్... మైకు దగ్గర పెడుతున్నా... వినిపించిందా? కుడుక్ కుడుక్‌మని. లోపల ఐసూ నీళ్లూ రెండూ ఉన్నాయంటే అది 0లో ఉంది, మొత్తం కరిగేదాకా 0లోనే ఉంటుంది. ఎంతసేపు పడుతుందని అడగకండి, మేలో ఒకలా, డిసెంబర్‌లో ఒకలా ఉంటుంది. గడియారం చూసి కాదు, చెవి పెట్టి తెలుసుకోవాల్సిన పని. ఆ తర్వాత కూడా ప్యాక్‌కూ సీసాకూ మధ్య ఒక అట్టముక్క తప్పకుండా పెట్టండి. పెద్ద కంపెనీలు 5 డిగ్రీల దగ్గర కరిగే పదార్థంతో చేసిన ప్యాకులు వాడతాయి, వాటితో ఈ గొడవ ఉండదు, ధర మాత్రం మన గల్లీ లెక్కలకు అందదు.

టీకా సీసా మీద చిన్న గుండ్రటి గుర్తు, మధ్యలో చదరం ఉంటుంది. చదరం చుట్టూ ఉన్న రంగు కంటే లేతగా ఉంటే వాడొచ్చు, సమానమైనా, ముదిరినా పారేయాలి. విద్యార్థులు ఇది పరీక్షలో రాస్తారు, మంచిదే, కానీ ఆ గుర్తు వేడిని మాత్రమే చెప్తుంది. గడ్డకట్టిన సంగతి అది చెప్పదు. హెపటైటిస్ బి, పెంటావాలెంట్ లాంటి టీకాలు గడ్డకట్టి పాడైనా ఆ చదరం తెల్లగా నవ్వుతూనే ఉంటుంది. 2021 సెప్టెంబర్‌లో వికారాబాద్‌లో డ్రోన్లతో టీకాలు పంపి చూశారు, అందరం ఆకాశం వైపు చూశాం, నేను మాత్రం ఆ డ్రోన్ కింద డబ్బాలో ఐస్ ప్యాకులు ఎవరు ఊపి చూశారా అని ఆలోచించాను. వృత్తి పిచ్చి.

కుల్ఫీ బండి పద్ధతి మందులకు అసలే వద్దు. ఐస్‌లో ఉప్పు కలిపితే మైనస్ 21 దాకా దిగుతుంది, కుల్ఫీకి అది వరం, ఇన్సులిన్‌కు శాపం. డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, అడుగుతుంటారు కొందరు. అది మైనస్ 78, కరిగి నీళ్లవదు, నేరుగా గ్యాస్ అవుతుంది, కిలోకు 500 లీటర్లకు పైగా గ్యాస్. దాన్ని గాలి పోకుండా సీల్ చేస్తే డబ్బా పగులుతుంది, అద్దాలు మూసిన కారులో పెట్టుకుపోతే మనిషికి ఊపిరాడదు. ఐస్‌క్రీం పంపేవాళ్లు తప్ప మిగతావాళ్లు దాని జోలికి పోకండి.

కొల్లాపూర్ మామిడి పంపేవాళ్లు ఎవరో చేయెత్తారు ఇందాక. మీరు ఐస్ డబ్బా మర్చిపోండి. మామిడి 12, 13 డిగ్రీల కిందికి పోతే తోలు నల్లబడుతుంది, లోపల సరిగ్గా పండదు. పైగా పండు ఊపిరి తీసుకుంటుంది, వేడి వదులుతుంది, మూసిన డబ్బాలో ఉడికిపోతుంది. దానికి చిల్లుల అట్టపెట్టె, రాత్రి ప్రయాణం, అంతే.

ఇక దారి. లారీలో, బస్సులో ఉన్నంతసేపు పెద్ద భయం లేదు. నా పార్సిళ్లు చెడినవన్నీ ఆగిన చోట చెడ్డాయి. బస్టాండ్‌లో దించి రేకుల షెడ్డు కింద పెట్టిన రెండు గంటలు, మధ్యాహ్నం షాపు షట్టర్ దించి భోజనానికి పోతే గడప మీద వదిలేసిన గంట. కాబట్టి ఐస్ లెక్క ప్రయాణానికి వేసి, దాని మీద ఇంకో ఆరు గంటలకు కలపండి. శనివారం సాయంత్రం ఎట్టి పరిస్థితుల్లో పంపొద్దు. సద్దుల బతుకమ్మ నుంచి దసరా దాకా అసలే వద్దు, తీసుకునేవాడు ఊళ్లో ఉండడు. డబ్బా మీద ఇంగ్లిష్ స్టిక్కర్ ఎంత అందంగా ఉన్నా, దించే హమాలీ తెలుగు చదువుతాడు, పెద్ద అక్షరాలతో రాయండి: ఎండలో పెట్టొద్దు. రాగానే ఫ్రిజ్‌లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. ఫోన్ నంబర్ మూత మీద కూడా రాయండి, పక్కన మాత్రమే కాదు.

తమ్ముడూ, డబ్బా తీసుకురా. ముట్టుకుని చూడండి, మూత కాలుతోంది. విప్పేముందు థర్మామీటర్లు చూద్దాం. మధ్యలో పెట్టింది 5.2. బాగుంది. ఇంకోటి, ఈ మూలది... 0.9.

2 కంటే కింద. ఇందాక తొందరలో మూడు ప్యాకులు ఊపి చూశాను, నాలుగోది చూడలేదు, అట్టముక్క కూడా ఆ మూల జారింది, ఇదిగో. ఇంకో గంట ఆగి ఉంటే ఈ రెండు సీసాలు గడ్డకట్టేవే. ముందుకు రండి, చేత్తో పట్టుకుని చూడండి, ఒక్కొక్కరే, వైర్లు తెగకుండా.