సౌత్‌వోల్డ్ పబ్బులు, పీపా బీరు

అధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులందరికీ నమస్కారం.

బ్రిటన్ బీరు గురించి మాట్లాడమని మీరు అడిగినప్పుడు, దేశమంతా చుట్టబెట్టడం కంటే నాకు బాగా ఇష్టమైన ఒక్క ఊరి గురించి చెప్పడం మేలనిపించింది. ఇంగ్లండ్ తూర్పు తీరంలో, సఫోక్ కౌంటీలో, ఉత్తర సముద్రానికి అభిముఖంగా ఉన్న సౌత్‌వోల్డ్ అనే చిన్న పట్టణం అది. అక్కడి తెల్లటి దీపస్తంభం 1890 నుంచి ఇళ్ల నడుమనే నిలబడి వెలుగుతోంది. దానికి కూతవేటు దూరంలో ఆడ్నమ్స్ వారి బీరు తయారీశాల ఉంది. జార్జ్, ఎర్నెస్ట్ ఆడ్నమ్స్ అనే అన్నదమ్ములు 1872లో దాన్ని కొన్నారు. బీరు కాచే రోజుల్లో వేడినీళ్లలో నానిన మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వాసన సముద్రపు గాలితో కలిసి వీధుల్లోకి వస్తుంది.

ఆ బీరు ఎందుకు ప్రత్యేకమో తెలియాలంటే పబ్బు నేలమాళిగలోకి దిగి చూడాలి. మనకు ఎక్కువగా తెలిసిన లాగర్ బీరులో ఈస్టును వడకట్టో, వేడిచేసి చంపో సీసాల్లో నింపుతారు కాబట్టి అది నెలల తరబడి మారకుండా ఉంటుంది. పీపా ఏల్, అంటే పీపాలోనే పక్వమయ్యే ఇంగ్లండ్ సంప్రదాయ బీరు, అలా కాదు. ఈస్టు ప్రాణంతో ఉండగానే దాన్ని పీపాకెత్తి పంపుతారు. పబ్బుకు చేరాక లోపల మళ్లీ పులుస్తుంది. సాధారణంగా వాడే పీపాను ఫర్కిన్ అంటారు; అందులో 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు (పైంటంటే అర లీటరు కంటే కాస్త ఎక్కువ) పడతాయి. దాన్ని అడ్డంగా పడుకోబెట్టి, దొర్లకుండా ఇరువైపులా ఆనికలు పెట్టి, పైకన్నంలో మెత్తటి చెక్క మేకు దిగగొడతారు. ఆ మెత్తటి చెక్క గుండా ఎక్కువైన గ్యాసు నెమ్మదిగా బయటికి పోతుంది. నురగ పొంగడం తగ్గిందని చూసుకున్నాక దాని స్థానంలో గట్టి మేకు పెట్టి, మిగిలిన గ్యాసును లోపలే నిలుపుతారు. చేపల గాలితిత్తుల నుంచి తీసే ఐసింగ్‌లాస్ అనే పదార్థం ఈస్టును అడుక్కి దించి బీరును తేటపరుస్తుంది. శాకాహారులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అది కలపకుండా తయారుచేసే బీర్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. గది 11 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఇంత చేసినా, ఒకసారి కుళాయి తిప్పాక ప్రతి పైంటు ఖాళీ చేసిన చోటులోకి గాలి చేరుతుంది కనుక, మూడు రోజులు దాటితే రుచి తగ్గడం మొదలవుతుంది. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసినట్టే, ఈ బీరుకూ ఆగే ఓపిక లేదు. అందువల్ల జనం రాని పబ్బులో మంచి పీపా బీరు దొరకదు. ఎంత నిపుణుడైన యజమాని అయినా తాగేవాళ్లు లేకుండా దాన్ని కాపాడలేడు.

ఒకప్పుడు లండన్ నుంచి కలకత్తాకూ మద్రాసుకూ ఓడల్లో పంపిన పేల్ ఏల్ అనే లేత రంగు బీరులో, సుదీర్ఘ ప్రయాణానికి తట్టుకోవాలని చేదునిచ్చే హాప్స్ పూలు దండిగా వేసేవారు. ఆడ్నమ్స్ వారి చేదు ఏల్ అయిన సౌత్‌వోల్డ్ బిట్టర్‌కు ఆ అవసరం లేదు. అందులో ఆల్కహాలు 3.7 శాతమే; రాగి రంగు, పొడిగా తగిలే చేదు, చివర్లో కాస్త బిస్కెట్ వాసన. రెండు పైంట్లు తాగి కూడా తెలివిగా కబుర్లు చెప్పుకోవచ్చు. పబ్బు అనేదే కబుర్ల కోసం పుట్టిన చోటు కాబట్టి, ఈ తక్కువ బలాన్ని నేను గొప్ప గుణంగా భావిస్తాను.

1960లలో పెద్ద కంపెనీలు లోహపు పీపాల్లో గ్యాసు ఎక్కించిన కెగ్ బీరును ఊరూరా పెట్టేసరికి పీపా ఏల్ దాదాపు మూలన పడింది. దాన్ని నిలబెట్టడానికి 1971లో నలుగురు మిత్రులు కామ్రా అనే ఉద్యమాన్ని మొదలుపెట్టారు. తాగేవాళ్లే పూనుకుని ఒక పానీయాన్ని బతికించుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక సముద్రం. అక్కడి పెద్దవాళ్లు చిన్ననాటి సెలవులను తలచుకుంటే వాళ్ల మాటల్లో రైలు, ఇసుక, పబ్బు కలిసే వస్తాయి. 1871 చట్టం బ్యాంకు సెలవులనే ప్రభుత్వ సెలవులనిచ్చింది, రైళ్లు పట్టణ జనాన్ని తీరానికి చేర్చాయి. హేల్స్‌వర్త్ నుంచి సౌత్‌వోల్డ్‌కు 1879లో వచ్చిన చిన్న రైలు 1929 దాకా నడిచింది. సముద్రంలోకి చొచ్చుకెళ్లేలా 1900లో కట్టిన పియర్ అనే వంతెనకు లండన్ నుంచి స్టీమర్లు వచ్చేవి. 1908 చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలు బారులోకి రాకూడదు కనుక, తండ్రి లోపల బిట్టర్ తాగుతుంటే పిల్లలు బయట గోడ మీద కూర్చుని, చిప్సు పొట్లం, నిమ్మసోడా ముందు పెట్టుకుని ఎదురుచూసేవారు. ఆ ఎదురుచూపును వాళ్లు ఫిర్యాదుగా చెప్పరు, సెలవుల్లో ఒక భాగంగానే చెబుతారు. తర్వాత స్పెయిన్‌కు చవక విమానాలు రావడంతో చాలా తీరపట్టణాలు వెలవెలబోయాయి. సౌత్‌వోల్డ్ పియర్‌ను మాత్రం 2001లో తిరిగి కట్టుకున్నారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పబ్బు రేవు దగ్గరి హార్బర్ ఇన్. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రం పొంగినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయో దాని బయటి గోడ మీద గుర్తు పెట్టారు. దాన్ని చూడాలంటే తలెత్తాలి. ఆ గోడ పక్కన నిలబడి గ్లాసు పట్టుకుంటే, ఈ ఊరికి సముద్రం వినోదం మాత్రమే కాదని తెలుస్తుంది. అక్కడ నేను బ్రాడ్‌సైడ్ తాగుతాను. డచ్చి నౌకాదళంతో 1672లో ఈ ఊరి ఎదుటి సోల్ అఖాతంలో జరిగిన యుద్ధానికి 300 ఏళ్లు నిండిన సందర్భంగా, 1972లో ఆ ఏల్‌ను మొదట కాచారు. ముదురు రంగు, ఎండుద్రాక్ష తీపి. శరత్కాలపు చలిగాలికి సరిగ్గా సరిపోతుంది.

మీలో ఎవరైనా వెళితే వేసవి రద్దీలో కాకుండా అక్టోబరులో వెళ్లండి. హేల్స్‌వర్త్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. దీపస్తంభం కిందనే ఉన్న సోల్ బే ఇన్‌లో ముందు అర పైంటు బిట్టర్ అడగండి, పీపా ఎప్పుడు తెరిచారో కూడా అడగండి. మంచి పబ్బు యజమాని ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. సంతోషంగా రోజు చెప్పి, కావాలంటే చిన్న గ్లాసులో రుచి చూపిస్తాడు.