సమానం అని వేసిన చోట

శ్రోతలకు నమస్కారం. పోలీసు శాఖలో పదోన్నతి పరీక్షలకు కూర్చునేవారు చదివే పుస్తకాల గురించి, వాటిలో నాకు కనిపించిన లోపం గురించి ఈ పూట మాట్లాడతాను. నేను పోలీసు ఉద్యోగిని కాను. కోనసీమలో ఒక మేజిస్ట్రేటు కోర్టులో బెంచి గుమస్తాగా చాలా ఏళ్లు పనిచేసి విరమించినవాణ్ణి. మా మేడమీద వాటాలో అద్దెకుండే హెడ్ కానిస్టేబుల్ గారు డ్యూటీ దిగి, స్నానం చేసి, దీపాలు పెట్టే వేళకు గైడు పట్టుకుని మా అరుగు మీదికి వస్తారు. ఆయన చదువుతారు, నేను వింటాను. ఆ వినడంలోనే నాకు ఈ పుస్తకాల సంగతి తెలిసింది.

2024 జూలై 1 నుంచి మన దేశంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చాయి. నేరాలు, శిక్షలు చెప్పే 1860 నాటి ఐపీసీలో 511 సెక్షన్లుంటే దాని స్థానంలో వచ్చిన న్యాయ సంహితలో 358 ఉన్నాయి. దర్యాప్తు, విచారణల పద్ధతి చెప్పే సీఆర్‌పీసీలో 484 ఉండగా దాని బదులు వచ్చిన సురక్షా సంహితలో 531 అయ్యాయి. ఇంత మార్పు వచ్చినప్పుడు పుస్తకాన్ని మొదటి నుంచి తిరగరాయాలి. అది శ్రమ. అందుకని కొందరు పాత పుస్తకాన్నే ఉంచి, ముందు ఒక పోలికల పట్టిక చేర్చి, కొత్త అట్ట వేసి అమ్ముతున్నారు. ఆ పట్టికలో ఎడమవైపు పాత నంబరు, కుడివైపు కొత్త నంబరు, మధ్యలో సమానం గుర్తు. నా ఫిర్యాదంతా ఆ సమానం గుర్తు మీదే.

మొన్న హెడ్ గారు ఇలాగే చదివారు: "379 సమానం 303 సబ్ సెక్షన్ 2, దొంగతనం, మూడేళ్లు, కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్. ఇది వచ్చేసిందండీ బాబాయిగారూ, పేజీ తిప్పుతాను." 379 ఐపీసీ నంబరు, 303 న్యాయ సంహిత నంబరు. కాగ్నిజబుల్ అంటే పోలీసులు వారంటు లేకుండానే అరెస్టు చేయగల నేరం, నాన్ బెయిలబుల్ అంటే బెయిలు హక్కుగా దొరకని నేరం. తిప్పవద్దన్నాను. ఒక కేసు చెబుతాను, ఏం చేస్తారో చెప్పమన్నాను.

కొబ్బరి దింపు తీయించి, ఒలుపు వాళ్లు రేపు వస్తారని ఒక రైతు తోటలో కాయలు రాశి పోయించాడు. తెల్లారేసరికి 230 కాయలు లేవు. రైతు స్టేషనుకు వచ్చాడు. ఏం చేస్తారు? ఆయన తడుముకోకుండా, "ఎఫ్ఐఆర్ కడతామండి, అనుమానితుణ్ణి పట్టుకుంటామండి" అన్నారు. పాత చట్టం ప్రకారం ఆ జవాబు సరైనదే. కొత్త చట్టం ప్రకారం ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: కాయ ధర ఎంత?

ఎందుకంటే సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉన్న దొంగతనానికి సురక్షా సంహిత చివర ఉన్న నేరాల పట్టికలో, అంటే మొదటి షెడ్యూలులో, వేరే వరుస ఉంది. అక్కడ అది నాన్ కాగ్నిజబుల్, బెయిలబుల్. మొదటిసారి శిక్షపడినవాడు సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే పడేది జైలు కాదు, సమాజ సేవ. కాయ 20 రూపాయలైతే 230 కాయలు 4,600. అప్పుడు ఫిర్యాదు సారాంశం స్టేషను పుస్తకంలో రాసుకుని, రైతును మేజిస్ట్రేటు దగ్గరకు పంపించాలి. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే దర్యాప్తు చేయకూడదు, వారంటు లేనిదే అరెస్టు చేయకూడదు. ధర 25 అయిందనుకోండి, అవే కాయలు 5,750. ఇప్పుడు ఎఫ్ఐఆర్. దొంగ అతడే, తోట అదే, రాత్రి అదే. అంబాజీపేట మార్కెట్లో ఆ రోజు ధరను బట్టి కేసు మారిపోతుంది. ఇది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, కాయలు పోయిన రైతుకు మాత్రం రుచించదు. మరి అవే కాయలు తాళం వేసిన గోదాములోంచి పోయి ఉంటే న్యాయ సంహిత 305వ సెక్షన్ వస్తుంది, అక్కడ 5,000 లెక్క లేదు.

ఇదంతా విని హెడ్ గారు గైడు అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఒక్క ముక్క లేదేమిటండీ!" అన్నారు. లేదు మరి. అక్కడున్నది సమానం గుర్తు ఒక్కటే.

ఇంకో చిక్కు ఉంది. డెల్టాలో కాలువల పక్కన పనిచేసిన ఏ పోలీసునైనా అడగండి, పాత సీఆర్‌పీసీ 174 అనగానే నీళ్లలో తేలిన శవం, ఇంక్వెస్టు అనే శవ పంచనామా, దానికి సాక్షులైన పంచాయతీదార్ల సంతకాలు గుర్తొస్తాయి. స్టేషన్ రైటర్లు నిద్రలో లేపినా ఆ నంబరు చెబుతారు. సురక్షా సంహితలో ఇంక్వెస్టు 194 అయింది. 174 పోలేదు, ఉంది. ఇప్పుడు చెప్పుకున్న నాన్ కాగ్నిజబుల్ ఫిర్యాదుల సెక్షన్ అదే అయింది, అలాంటి కేసుల డైరీ నివేదికను పదిహేను రోజులకోసారి మేజిస్ట్రేటుకు పంపాలని కొత్తగా చేర్చారు కూడా. పుస్తకం ముందు భాగంలో కొత్త పట్టిక, లోపలి అధ్యాయంలో పాత 174 అలాగే ఉంటే చదివేవాడి తలలో రెండూ కలగాపులగం అవుతాయి. పాత చట్టం పూర్తిగా మరిచిపొమ్మని కూడా నేను చెప్పను, 2024 జూలైకి ముందు జరిగిన నేరాలకు వర్తించేది ఐపీసీయే. ఏ పేజీ ఏ చట్టానిదో పుస్తకం చెప్పకపోవడమే తప్పు.

అందుచేత పుస్తకాన్ని ముందు నుంచి కాక వెనక నుంచి తెరవమంటాను. సురక్షా సంహిత చివర మొదటి షెడ్యూలు ఆరు గడులతో ఉంటుంది: సెక్షను, నేరం, శిక్ష, కాగ్నిజబులా కాదా, బెయిలబులా కాదా, ఏ కోర్టు విచారించాలి. కోర్టులో నా బల్ల మీద ఎప్పుడూ తెరిచి ఉండేది పాత చట్టంలోని ఆ పట్టికే, అందుకేనేమో నాకు దాని మీద అభిమానం. అది పూర్తిగా అచ్చువేయని గైడు ఎంత లావుగా ఉన్నా కొనవద్దు. ఇప్పటికే కొన్నవారు మూల చట్టం ప్రతి పక్కన పెట్టుకుని, పోలికల పట్టికలో ప్రతి సమానం గుర్తు దగ్గరా ఆగి, షెడ్యూలులో ఆ వరుస చూసి, తేడా ఉంటే అక్కడే పెన్సిలుతో రాసుకోవాలి.

హెడ్ గారు ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నారు. రోజుకు పది వరుసలు. నిన్న రాత్రి చేపల చెరువు గట్టున నీళ్లకు గాలి అందించే ఏరేటర్ మోటారు పోతే దాని విలువ కొన్నప్పటి ధరకు కట్టాలా, పాత ఇనుము ధరకు కట్టాలా అని అడిగారు. ఆయన గైడులో దానికి జవాబు లేదు. పోయిన నాటికి ఆ మోటారు బజారులో ఎంత పలుకుతుందో రైతు చేత ఫిర్యాదులోనే రాయించమని చెప్పాను. నమస్కారం.